రమ్మీ వార్తకి నా జాంబీల బొమ్మ ఎందుకండీ?

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో ఆన్‌లైన్ గేముల మీద వేసిన పేజీ చదివాను. అప్పులపాలైన కుటుంబాల గురించి రాసిందంతా నిజమే, ఒక్క ముక్క కూడా కాదనను. మా వీధిలోనే ఒకాయన ఫోన్లో రమ్మీ ఆడి బండి అమ్ముకున్నాడు. నా గొడవ రాత గురించి కాదు, బొమ్మ గురించి. పేజీ అంతా పేకముక్కల గురించి రాసి, పైన వేసిన బొమ్మ ఏంటండీ? నల్ల ముసుగు కప్పుకున్న మాంత్రికుడు, వాడి చుట్టూ నేలలోంచి లేస్తున్న శవాలు! చివర్లో తల్లిదండ్రులకి సలహా కూడా ఇచ్చారు, పిల్లల ఫోన్లో దయ్యాలు, అస్థిపంజరాలు కనిపిస్తే వెంటనే తీసేయమని.

ఆ మాంత్రికుడిలాంటి వాణ్ణి నేను ఒక కంప్యూటర్ గేమ్‌లో రోజూ రాత్రి ఆడిస్తానండీ. పైగా వాడు హీలర్, అంటే టీమ్‌లో వాళ్ళకి వైద్యం చేసేవాడు. మా అమ్మ ఆ పేజీ చదివి ఇడ్లీ వడ్డిస్తూ నన్ను ఒక చూపు చూసింది, "నువ్వూ ఇదేనా రా ఆడేది" అని. అందుకే ఈ ఉత్తరం.

నేను ఆడేది సిటీ ఆఫ్ హీరోస్ అనే పాత గేమ్, ఆన్‌లైన్‌లో నలుగురూ కలిసి ఆడేది. 2004లో అమెరికాలో వచ్చింది, మర్నాడే కాకపోయినా మరుసటి ఏడాదే దానికి జంటగా సిటీ ఆఫ్ విలన్స్ వచ్చింది. 2012 నవంబర్ 30న కంపెనీ రెండిటినీ మూసేసింది. అక్కడితో అయిపోయిందనుకుంటే, 2019లో అభిమానులు తమ సొంత సర్వర్ల మీద మళ్ళీ నిలబెట్టారు, దానికి హోమ్‌కమింగ్ అని పేరు పెట్టుకున్నారు, 2024 జనవరిలో హక్కులున్న ఎన్‌సీసాఫ్ట్ కంపెనీ ఆ అభిమానులకి అధికారికంగా లైసెన్స్ కూడా ఇచ్చింది. ఖర్చంతా విరాళాల మీద నడుస్తుంది. ఆడేవాడు పైసా కట్టక్కర్లేదు. పందెం లేదు, గెలిస్తే డబ్బు రాదు, ఓడితే పోదు. చచ్చి మళ్ళీ లేచిన గేమ్‌లో నేను చచ్చి లేచినవాళ్ళతో ఆడుతున్నానన్నమాట.

ఇక నా క్యారెక్టర్ సంగతి. విలన్ల వైపు మాస్టర్‌మైండ్ అని ఒక రకం ఉంది, తను పెద్దగా కొట్టడు, పెట్స్‌తో, అంటే తన వెంట తిరిగే అనుచరులతో కొట్టిస్తాడు. రోబోలు, నింజాలు, కిరాయి సైనికులు ఇలా చాలా రకాలు దొరుకుతాయి. నేను నెక్రోమాన్సీ తీసుకున్నాను, అంటే శవాలు. మొదట్లో ఒక్క జాంబీ, లెవెల్ పెరిగేకొద్దీ ముగ్గురు, తర్వాత కత్తులు పట్టిన గ్రేవ్ నైట్లు ఇద్దరు, అందరికీ పైన లిచ్ అనే ఒక మంత్రగాడి శవం. మొత్తం ఆరుగురు. దీనికి జోడీగా తీసుకున్న రెండో విద్య పెయిన్ డామినేషన్, పేరు వింటే హింస అనిపిస్తుంది గానీ అది వైద్యమే. విలన్ల వైపు వైద్యం కదా, పేరు కూడా అలాగే పెట్టారు.

చాలామంది అడుగుతారు, శవాలకి వైద్యం ఏంట్రా అని. నాకైతే ఇందులో వింతేమీ కనపడలేదు. చిన్నప్పుడు మనమందరం విన్న కచదేవయాని కథ గుర్తు చేసుకోండి. దేవతలు చంపిన రాక్షసుల్ని శుక్రాచార్యుడు మృతసంజీవనితో ఎప్పటికప్పుడు లేపుతుంటే, ఆ విద్య నేర్చుకురమ్మనే కదా కచుణ్ణి పంపింది! విలన్ల పక్షాన నిలబడి, చచ్చినవాళ్ళని లేపి మళ్ళీ యుద్ధానికి పంపే వైద్యుడు మన దగ్గర ఎప్పుడో ఉన్నాడు. నా క్యారెక్టర్ పేరు కూడా ఆయనదే. యూరప్‌లో ఉన్న రీయూనియన్ సర్వర్‌లో నాతో ఆడేవాళ్ళకి ఆ పేరు పలకడం రాదు, 'షుక్కీ' అంటారు. పోనీలెండి.

అసలు ఈ రెండు విద్యలూ ఎందుకు కలుస్తాయో చెప్పాలి. ఇందులో బాడీగార్డ్ అని ఒక పద్ధతి ఉంది. పెట్స్‌ని డిఫెన్సివ్‌లో పెట్టి, ఫాలో అని ఆర్డర్ ఇచ్చి పక్కనే ఉంచుకుంటే, నాకు తగిలిన దెబ్బ అందరికీ పంచబడుతుంది. నాకు రెండు వాటాలు, ఒక్కొక్కళ్ళకి ఒక వాటా. ఆరుగురూ ఉంటే మొత్తం ఎనిమిది వాటాలు, అంటే 100 దెబ్బ పడితే నాకు 25, మిగతాది తలా పన్నెండున్నర. అదే సమయంలో పెయిన్ డామినేషన్‌లో ఉన్న నల్లిఫై పెయిన్ అనే పవర్ నొక్కితే నా చుట్టూ ఉన్నవాళ్ళందరికీ, నాతో సహా, పోయిన హెల్త్ ఒకేసారి తిరిగి వస్తుంది. ఒక దెబ్బ ఏడుగురికి చీలింది, ఒక మందు ఏడుగురికీ అందింది. మామూలు హీలర్ అయితే ఎవరి హెల్త్ పడిపోయిందా అని ఒక్కొక్కళ్ళనీ వెతుక్కుంటూ తిరగాలి, నేను నా గుంపుని దగ్గరగా పెట్టుకుంటే చాలు.

చెప్పడానికి బాగుంది గానీ మొదటి నెల నేను చేసినవన్నీ తప్పులే. ఒక్కో పవర్‌కి బలం పెంచుకోడానికి స్లాట్లు అని గళ్ళు ఇస్తారు, హీలర్ కదా అని అవన్నీ వైద్యం పవర్లకే పోశాను. 50వ లెవెల్ వచ్చేసరికి మొత్తం 67 స్లాట్లు మన చేతికొస్తాయి, ఏ పవర్‌కైనా ఆరు మించి పట్టవు, ఒకే రకం మూడు దాటి పెడితే లాభం బాగా తగ్గిపోతుంది. ఇవేవీ చదవకుండా నల్లిఫై పెయిన్‌లో ఆరూ హీలింగే పెట్టుకున్న మహానుభావుణ్ణి నేను. ఇంకోటి, జాంబీలు మన కంటే రెండు లెవెళ్ళు కింద ఉంటారు, నైట్లు ఒకటి, లిచ్ ఒక్కడే మనతో సమానం. అందుకే జాంబీలకి ముందు యాక్యురసీ, అంటే గురి, పెట్టాలి. పెట్టలేదు. బాస్ అనే పెద్ద శత్రువు ముందు మా వాళ్ళు గాల్లో చేతులు ఊపుతూ నిలబడ్డారు, ఒక్క దెబ్బ తగల్లేదు, బాస్ మాత్రం ఒక్కొక్కణ్ణీ తీరిగ్గా పడగొట్టాడు. పడ్డవాళ్ళని మళ్ళీ పిలవడం సులువే, కానీ కొత్తగా లేచినవాడికి పాత బలం ఉండదు, రెండు రకాల శక్తి మళ్ళీ ఎక్కించాలి, ఈలోపు టీమ్‌లో ముందుండి దెబ్బలు కాసే ట్యాంకర్ పడిపోయాడు. "నువ్వు హీలర్ అన్నావు కదా" అని అడిగాడు. ఏం చెప్తాం?

తర్వాత నేర్చుకున్నాను. ఇద్దరు నైట్లని కొట్టడానికి పంపేసి, ముగ్గురు జాంబీల్నీ లిచ్‌నీ నా దగ్గరే ఉంచుకుంటాను. అప్పుడు ఆరు వాటాల్లో నావి రెండు, అంటే మూడో వంతు దెబ్బ నాకే పడుతుంది, ఫరవాలేదు, తట్టుకోగలను. వరల్డ్ ఆఫ్ పెయిన్ వేస్తే టీమ్ అందరికీ దెబ్బ తట్టుకునే బలం, కొట్టే బలం రెండూ పెరుగుతాయి. నిజానికి ఈ గేమ్‌లో బాగా ఆడేవాళ్ళు చెప్పేది ఇదే, హెల్త్ పోయాక పోయడం కంటే పోకుండా చూసుకోవడం మేలు, ఒట్టి హీలింగ్ నమ్ముకున్నవాడు ఎప్పుడూ ఒక అడుగు వెనకే ఉంటాడు. మరీ అవసరమైతే షేర్ పెయిన్ ఉంది, నా హెల్త్ కొంత కోసి ఎదుటివాడికి ఎక్కువగా ఇచ్చే పవర్. అది నొక్కినప్పుడల్లా నా చుట్టూ జాంబీలు ఉన్నారా లేదా అని ఒకసారి చూసుకుంటాను. లేకపోతే టెన్షన్.

ఇబ్బందులు ఇప్పటికీ ఉన్నాయి. సన్నటి గుహల్లోకి వెళ్తే ఆరుగురూ దారికి అడ్డంగా నిలబడతారు, వెనక ట్యాంకర్ తిట్టుకుంటూ ఉంటాడు. జాంబీలు దూరం నుంచి వాంతి చేసి శత్రువుల్ని కొడతారు, అవునండీ, వాంతే, భోజనం చేస్తూ ఆడకూడదు. అందుకే మా అమ్మకి ఆ సీన్ చూపించలేదు. నల్లిఫై పెయిన్ మాత్రం చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని కాసేపు చూసి, "వాడు వాళ్ళని బాగుచేస్తున్నాడా?" అంది. అవునన్నాను. "మరి వాళ్ళు చచ్చిపోయారుగా" అంది. దానికి నా దగ్గర ఇంతవరకు జవాబు లేదు.

మీకు నేను చెప్పేది చట్టంలోనే ఉంది. తెలంగాణ 2017లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించింది, ఆంధ్రప్రదేశ్ 2020లో చేసింది, 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం కూడా ఆన్‌లైన్ మనీ గేములు వేరు, ఈ-స్పోర్ట్స్ వేరు, సరదాకి ఆడే గేములు వేరు అని విడగొట్టింది. చట్టం చూసిన తేడా మీ పేజీలో బొమ్మ పెట్టినవాళ్ళు చూడలేదు. రమ్మీ యాప్‌లో ఒక్క దయ్యం కూడా కనపడదండీ. రంగు రంగుల ముక్కలు, నవ్వే మొహాలు, బోనస్ అని మెరిసే అంకెలు. మీ సలహా విన్న తల్లి కొడుకు ఫోన్లో అస్థిపంజరాల కోసం వెతికి, ఏమీ లేవని నిశ్చింతగా పడుకుంటుంది.

మా గేముల్ని అసలు తిట్టొద్దు అనడం లేదు. తిట్టడానికి చాలా ఉంది. మనకి రాత్రి తొమ్మిదైతే యూరప్‌లో ఇంకా సాయంత్రమే, వాళ్ళు ఉత్సాహంగా ఉంటారు, "ఇంకొక్క మిషన్" అంటారు, నేను పన్నెండున్నర దాకా కూర్చుని పొద్దున డ్యూటీలో కునికిపాట్లు పడతాను. అది రాయండి. నిద్ర గురించి రాయండి, మెడ నొప్పి గురించి రాయండి, నేనే మీకు సాక్ష్యం చెప్తాను.

వచ్చే ఆదివారం ఎక్కడో ఒక మూల రెండు లైన్ల సవరణ వేస్తే సంతోషం, ఆ బొమ్మకీ ఆ వార్తకీ సంబంధం లేదని. ఇంకోసారి రమ్మీ గురించి రాస్తే పేకముక్కల బొమ్మే వేయండి. జాంబీల బొమ్మ ఎప్పుడైనా కావాలంటే నా దగ్గర మంచిది ఉంది, ఆరుగురూ వరసగా నిలబడి ఉన్నారు, మధ్యలో నేను, అందరికీ హెల్త్ నిండుగా ఉంది.

ఇట్లు,
మీ పాఠకుడు,
ఖమ్మం