ఏప్రిల్ 30 సాయంత్రం మీ బిల్లుల మీద మే 1 ఎందుకు పడింది

మా సర్వర్లలో బిల్లింగ్ నడుపుకుంటున్న అందరికీ నమస్కారం.

ఏప్రిల్ 30న తొమ్మిది మంది కస్టమర్ల బిల్లుల మీద తప్పు సమయం పడింది. సాయంత్రం ఆరున్నర దాటాక తేదీ కూడా మారిపోయింది. నెలాఖరు కావడంతో ఆ బిల్లులన్నీ మే నెల లెక్కలో చేరాయి. తప్పు మీ సిబ్బందిది కాదు, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌ది కాదు, నాది. ఆ రోజు ఫోన్ చేసిన మొదటి ఇద్దరికీ నేను ఇంకోలా చెప్పాను కాబట్టి ఈ మాట ముందే రాస్తున్నాను.

ఏప్రిల్ 29 రాత్రి మా సర్వర్ గదిలో ఏసీ ఆగిపోయింది. కంప్రెసర్ పోయిందని, రెండు రోజులు పడుతుందని మెకానిక్ చెప్పాడు. విజయవాడ ఏప్రిల్ సంగతి మీకు చెప్పేదేముంది. కిటికీలు తెరిచి రెండు పెడస్టల్ ఫ్యాన్లు పెట్టినా పాత సర్వర్ వేడి తగ్గలేదు. అది 2007లో కొన్న యంత్రం. దాని బయాస్‌లో (యంత్రం ఆన్ చేయగానే మొదట నడిచే, మదర్‌బోర్డులోని సెట్టింగుల ప్రోగ్రాం), పని లేనప్పుడు ప్రాసెసర్ వేగం తగ్గించే సదుపాయం ఒకటి ఉంది. కొన్ననాటి నుంచి దాన్ని ఆపి ఉంచాము. ఎందుకు ఆపామో మరిచిపోయి, ఆ రాత్రి నేనే ఆన్ చేశాను. 2.4 గిగాహెర్ట్జ్ మీద నడిచే ప్రాసెసర్ ఖాళీగా ఉన్నప్పుడు 1 గిగాహెర్ట్జ్‌కు దిగుతుంది, వేడి తగ్గుతుంది. దిగింది, తగ్గింది కూడా. పదకొండు గంటలకు మీ వర్చువల్ మెషీన్లన్నీ (ఒకే సర్వర్‌ను పంచుకుంటూ, ఒక్కో కస్టమర్‌కు వేరే కంప్యూటర్‌లా పనిచేసేవి) తిరిగి మొదలుపెట్టి, మంచి ఉపాయం చేశానని అనుకుంటూ ఇంటికి వెళ్లాను.

మర్నాడు 11 గంటల 40 నిమిషాలకు గొల్లపూడి నుంచి మందుల హోల్‌సేల్ కస్టమర్ గారి అకౌంటెంట్ ఫోన్ చేశారు. "ఏమండీ, బిల్లు మీద రెండుంబావు అని పడుతోంది. ఇక్కడ ఇంకా ఎవరమూ భోజనానికే లేవలేదు" అన్నారు. నేను సర్వర్ గడియారం చూశాను. 11:40, సెకన్లతో సహా సరిగ్గా ఉంది. "ఇక్కడ బాగానే ఉందమ్మా, మీ దగ్గర ఎవరైనా టైము మార్చారేమో చూడండి" అన్నాను. ఇరవై నిమిషాల తర్వాత సిమెంటు డీలర్ ఒకరు అదే మాట చెప్తే, ఆయనకూ అదే జవాబు ఇచ్చాను. మూడో ఫోన్ వచ్చాక, ఒంటి గంటకు అన్ని వర్చువల్ మెషీన్లనూ ఆపి మళ్లీ మొదలుపెట్టాను. గడియారాలు సరిపోయాయి. పని అయిపోయిందనుకున్నాను.

అవలేదు. ఏడు గంటలకు అకౌంటెంట్ గారు మళ్లీ ఫోన్ చేశారు. ఈసారి బిల్లు మీద మే 1, 12:36.

అప్పటికి గాని నాకు బుద్ధి రాలేదు. ఒక వర్చువల్ మెషీన్ తెర మీద సెకన్లు కనిపించేలా గడియారం తెరిచి, పక్కన నా ఫోనులో స్టాప్‌వాచ్ నొక్కాను. తెర మీద ఒక నిమిషం గడిచేసరికి ఫోనులో 25 సెకన్లే అయ్యాయి. మళ్లీ చూశాను, మళ్లీ 25. తర్వాత అందరి పనీ నెమ్మదించినప్పుడు చూస్తే సరిగ్గా 60. ఇంకో పరీక్ష చేశాను. మా సొంత వర్చువల్ మెషీన్‌లో పెద్ద స్టాకు రిపోర్టు ఒకటి తీయడం మొదలుపెట్టాను. ఏ పనీ లేకుండా కూర్చున్న మరో మెషీన్ గడియారం పరుగందుకుంది. రిపోర్టు ముగియగానే నడకకు దిగింది. పక్కింటివారు పని చేస్తే మీ ఇంటి గడియారం పరుగెత్తడం అంటే ఇదే. ఆ రోజు రెండు బిల్లులే వేసిన కస్టమర్‌కు కూడా గంటల తేడా వచ్చింది అందుకే.

కారణం చెప్తాను. ప్రాసెసర్లలో టైమ్ స్టాంప్ కౌంటర్ అని ఒకటి ఉంటుంది, 1993లో పెంటియంతో వచ్చింది. పాత ప్రాసెసర్లలో అది ప్రాసెసర్ కొట్టుకునే ప్రతిసారీ ఒకటి చొప్పున పెరుగుతుంది. దాన్ని చదవడం చాలా చవక, అందుకే వర్చువల్ మెషీన్లను నడిపే సాఫ్ట్‌వేర్ కాలాన్ని దానితోనే కొలుస్తుంది. గానుగెద్దు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి పొద్దు చెప్పడం లాంటిది. ఎద్దు ఒకే నడకలో ఉన్నంతకాలం లెక్క తప్పదు. మా సాఫ్ట్‌వేర్ ఎద్దు నడకను ఒక్కసారే, మొదలయ్యేటప్పుడే కొలుస్తుంది. ఆ రాత్రి పదకొండు గంటలకు ఎవరి పనీ లేదు, ఎద్దు నిద్రమత్తులో నడుస్తోంది. సెకనుకు వంద కోట్ల చుట్లు అని రాసుకుంది. పగలు మీ పని మొదలయ్యాక ఎద్దు సెకనుకు 240 కోట్ల చుట్లు తిరిగింది. వంద కోట్లు దాటిన ప్రతిసారీ ఒక సెకను అయిందని వర్చువల్ మెషీన్‌కు కబురు వెళ్లింది. 60ని 2.4తో భాగిస్తే 25, నా ఫోను చూపించింది అదే. ఒంటి గంటకు వర్చువల్ మెషీన్లను తిరిగి మొదలుపెట్టినప్పుడు గడియారం ముల్లు సరిపోయింది గాని, కొలత పాతదే మిగిలింది. ఒంటి గంట నుంచి ఏడు వరకు సర్వర్ మొత్తం మీద నాలుగు గంటలు జోరుగా పనిచేసింది. గంటకు 84 నిమిషాల చొప్పున 5 గంటల 36 నిమిషాలు ముందుకు పోయింది.

మరి అసలు సర్వర్ గడియారం ఎందుకు తప్పలేదు? నన్ను తప్పుదారి పట్టించింది అదే. సర్వర్‌ను నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్‌కు ప్రాసెసర్ వేగం మారుతోందని తెలుసు, కాబట్టి అది ఆ కౌంటర్‌ను నమ్మకుండా మదర్‌బోర్డు మీది వేరే టైమర్ వాడుకుంది. ఆ టైమర్ సెకనుకు 35,79,545 సార్లు కొట్టుకుంటుంది, ప్రాసెసర్ నిద్రపోయినా పరుగెత్తినా దానికి పట్టదు. (అమెరికా కలర్ టీవీ ప్రసారాల కోసం పెట్టిన సంఖ్య అది. ఆ టీవీల కోసం తయారైన, లయగా కొట్టుకునే స్ఫటికాలు చవకగా దొరికేవని మొదటి పీసీల్లో వాడారు, ఇప్పటికీ వదల్లేదు.) ఇంట్లో గోడ గడియారం బాగానే ఉంది, లోపలి గదుల్లో ఉన్నవారికి మాత్రం ఎద్దే దిక్కు. నేను చూసింది గోడ గడియారాన్ని.

కంప్యూటర్ గడియారాన్ని నెట్‌వర్క్ ద్వారా సరిదిద్దే ఎన్‌టీపీ ఏం చేస్తోందని కొందరు అడిగారు. అడగాల్సిందే. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం మాలాంటివారు ఎన్‌ఐసీ (జాతీయ సమాచార కేంద్రం), జాతీయ భౌతిక ప్రయోగశాలల సమయ సర్వర్లతో గాని, వాటి నుంచి సమయం తీసుకునే సర్వర్లతో గాని గడియారాలు సరిచూసుకోవాలి. అది మొదటి నుంచీ పెట్టే ఉంది. కానీ ఎన్‌టీపీ నెమ్మదిగా దిద్దే మనిషి. గడియారం నడకను అది సర్దగలిగేది రోజుకు 43 సెకన్ల మేరకే. తేడా 1000 సెకన్లు దాటితే ఇక్కడేదో పెద్ద తప్పు ఉందని నిర్ణయించుకుని తానే ఆగిపోతుంది. తొమ్మిది మెషీన్ల లాగ్‌లలోనూ దాని చివరి మాట అదే. ఆగిపోతే నాకు మెసేజ్ వచ్చే ఏర్పాటు ఉండాలి. సర్వర్‌కు పెట్టాను, మీ మెషీన్లకు పెట్టలేదు. పద్దెనిమిదేళ్లుగా ఈ పని చేస్తున్నవాణ్ని, ఇది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

ఆ రాత్రే బయాస్‌లో ఆ సదుపాయం ఆపేసి, ప్రాసెసర్ పూర్తి వేగం ఎంతో సెట్టింగుల్లో చేత్తో రాసి, అన్నీ తిరిగి మొదలుపెట్టాను. ఏసీ మే 2న బాగైంది. అప్పటి నుంచి రోజుకు రెండుసార్లు స్టాప్‌వాచ్ పెట్టి చూస్తున్నాను, తేడా లేదు.

అయితే ఆ యంత్రాన్ని ఇంకా నమ్మమని మిమ్మల్ని అడగను. మూడేళ్ల కిందటే మార్చాల్సింది. నడుస్తోంది కదా అని సాగదీశాను. తొమ్మిదిలో ఏడు మెషీన్లను ఈ ఆదివారం రాత్రి కొత్త సర్వర్‌కు మారుస్తాము. కొత్త ప్రాసెసర్లలో ఈ కౌంటర్ వేగం ప్రాసెసర్ వేగంతో మారదు, నిద్రలోనూ ఆగదు. 2008 తర్వాతి సర్వర్ ప్రాసెసర్లు దాదాపు అన్నీ అంతే. పైగా అక్కడ వర్చువల్ మెషీన్లను నడపడానికి మేము వాడే కేవీఎం అనే సాఫ్ట్‌వేర్‌లో, సర్వర్ తానే ఒక చిన్న చీటీ రాసి వర్చువల్ మెషీన్‌కు కనబడేలా పెడుతుంది: కౌంటర్ ఇంత ఉన్నప్పుడు సమయం ఇంత, ఇక్కడి నుంచి ఈ సంఖ్యతో హెచ్చవేసుకో అని. కొలత మారితే చీటీ తిరగరాస్తుంది. రాస్తుండగా మీ మెషీన్ చదివితే, సగం రాసిందని గుర్తుపట్టి మళ్లీ చదువుకుంటుంది. మిగిలిన రెండు మెషీన్లలో ఉన్నవి మరీ పాత సాఫ్ట్‌వేర్లు, ఈ చీటీ చదవడం వాటికి రాదు. ఆ ఇద్దరితో నేను విడిగా మాట్లాడతాను.

ఇక మీరు చూసుకోవాల్సినవి. ఏప్రిల్ 30న ఉదయం నుంచి రాత్రి వరకు వేసిన బిల్లుల జాబితా మీ మెయిల్‌కు పంపాను. అసలు సమయం ఎంతో పక్కనే రాశాను. సర్వర్ లాగ్‌ల నుంచి లెక్కకట్టింది కాబట్టి ఒకటి రెండు నిమిషాల తేడా ఉండవచ్చు. మే 1 తేదీ పడ్డ బిల్లులను మీ ఆడిటర్‌కు చూపించి, ఈ నెల 11లోగా ఏప్రిల్ జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల జీఎస్‌టీ రిటర్న్) వేసే ముందే ఏం చేయాలో తేల్చుకోండి. గడియారం వెనక్కి తిప్పాక వేసిన బిల్లుల నంబర్లు ముందుకు, సమయాలు వెనక్కి ఉంటాయి. ఆడిటర్ అడిగితే చూపడానికి మా లెటర్‌హెడ్ మీద సంతకంతో వివరణ ఇస్తాను. ఆ సాయంత్రం ఆరున్నర ప్రాంతంలో మీ మెషీన్లలో అర్ధరాత్రి కావడంతో రోజు ముగింపు లెక్క దానంతట అదే నడిచింది కాబట్టి, అందరూ నగదు మొత్తాలు ఒకసారి సరిచూసుకోండి. ఇద్దరికి తేడా వచ్చిందని ఇప్పటికే చెప్పారు, సరిచేశాము.

తొమ్మిది మందికీ ఏప్రిల్ అద్దె తీసేశాను, కట్టినవారికి వచ్చే బిల్లులో తగ్గుతుంది. అకౌంటెంట్ గారికి, సిమెంటు డీలర్ గారికి నేనే స్వయంగా వచ్చి క్షమాపణ చెప్పుకుంటాను. ఆదివారం రాత్రి పది నుంచి పన్నెండు వరకు బిల్లింగ్ పనిచేయదు. సోమవారం పొద్దున దుకాణం తెరవగానే బిల్లు మీది సమయాన్ని చేతి గడియారంతో పోల్చి చూడండి. తేడా ఉంటే వెంటనే ఫోన్ చేయండి. ఈసారి గోడ గడియారం చూసి జవాబు చెప్పను.