శీనుగానికి, మిర్యాలగూడ నుంచి

అరేయ్ శీనూ,

మంచిగున్నవా? పాలమూరుల ఎండలు ఎట్లున్నయ్ రా? ఇక్కడ యాసంగి వడ్లు దిగుతున్నయ్, మిల్లు ముంగట రోడ్డు పొడుగూతా ట్రాక్టర్లే. లెక్కలు ఆగొద్దని నేను సర్వర్ కాడనే పండుకుంటున్న.

నువ్వు గూడ షాపుల ప్రాక్స్‌మాక్స్ (ఒక్క సర్వర్ల శానా ఉత్తుత్తి కంప్యూటర్లు, అంటే వర్చువల్ మెషీన్లు, నడిపే సాఫ్ట్‌వేర్) పెడుతున్ననన్నవ్ కదా, మూడు డిస్కులు, రెయిడ్‌జెడ్1 (ఒక డిస్క్ పాడైనా డేటా పోకుంట డిస్కులను కలిపే పద్ధతి). నేను 2022ల అచ్చం గదే పెట్టి నెత్తి పట్టుకున్న. వర్చువల్ మెషీన్‌కు 3 టీబీ డిస్క్ ఇస్తే, అది నిండేసరికి పూల్‌ల, అంటే ఆ మూడు డిస్కులు కలిసిన జాగల, 4 టీబీ మింగింది! దొంగ ఎవడా అని రెండు రోజులు దేవులాడిన.

దొంగ 8కె బ్లాక్, అంటే వర్చువల్ మెషీన్ డిస్క్ ఒక్కపారి రాసే ముక్క సైజు, 8 కిలోబైట్లు. అప్పట్ల డిఫాల్ట్ గదే, నేను చూడకుంట ఓకే కొట్టిన. అసలు డిస్క్ మీద రాసే అతి చిన్న గది, సెక్టార్, 4కె కదా. 8కె అంటే రెండు సెక్టార్లు, ప్యారిటీకి (డిస్క్ పోతే డేటా మల్ల కట్టనీకి రాసుకునే లెక్క) ఒకటి, మొత్తం మూడు. రెయిడ్‌జెడ్1కు జత లెక్కనే కావాలె, అందుకే ఖాళీది ఇంకోటి కలిపి నాలుగు చేస్తది. 8కె రాయనీకి ప్యారిటీతోని 12కె చాలేకాడ 16కె పాయె. అదే 16కె బ్లాకైతే నాలుగు డేటా, రెండు ప్యారిటీ, ఆరు. మూడు డిస్కులకు ఒక్కటి గూడ వేస్ట్ కాదు. 2023ల వచ్చిన ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్ (ప్రాక్స్‌మాక్స్‌ల ఈ రెయిడ్‌జెడ్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) 2.2 నుంచి డిఫాల్టే 16కె చేసిన్రు. మిర్రర్ (అదే డేటా రెండు డిస్కులల రాసుడు) పెట్టుకుంటే ఈ పంచాదే లేదు, కాని జాగ సగమైతది.

గట్లని పెద్దది పెడితే మంచిదనుకోకు. కోపంల నేను అకౌంట్స్ డేటాబేస్‌ను 64కె మీదికి ఎక్కించిన. ఆ డేటాబేస్ మైఎస్‌క్యూఎల్, అది ఒక్కపారి రాసే ముక్క, పేజీ, 16కె. ఒక్క పేజీ మారినా 64కె మొత్తం చదివి, మార్చి, కొత్తకాడ రాయాలె. గుప్పెడు వడ్లు మార్చనీకి బస్తా కుట్టు ఇప్పి, అన్నీ ఇంకో బస్తాల పోసి, మల్ల కుట్టినట్టు. మా హమాలీలైతే బూతులు తిడుదురు. డిస్క్‌కు నోరు లేదు, బిల్లు కొట్టేకాడ స్క్రీన్ ఆగుడే దాని తిట్టు. కెమెరాల రికార్డింగ్‌కు మాత్రం 64కెనే ఉంచిన. అది వరుసగ రాసుకుంట పోతది, నడిమిట్ల దేన్నీ ముట్టదు.

అసలు తంటా ఏందంటే, వర్చువల్ మెషీన్ డిస్క్ పుట్టినంక ఆ బ్లాక్ సైజు మార్చనీయదు. స్టోరేజ్ సెట్టింగ్ల మార్చినా కొత్త డిస్కులకే వర్తిస్తది. ఒక ఆదివారం రాత్రంతా బ్యాకప్ తీసి, 16కె పెట్టి రిస్టోర్ చేసిన. తెల్లారి మొదటి ట్రాక్టర్ కాంటా ఎక్కేటప్పటికి అయిపోయింది, ఛాయ్ గూడ తాగలే.

నీ డిస్కులు వచ్చినయా? పెట్టె ఇప్పకముందే ఫోన్ కొట్టు.

నీ,
యాదగిరి