అక్కకు, లిథియం-11 గురించి

వాంకూవర్,
ఫిబ్రవరి

అక్కా,

అమ్మ పంపిన కందిపొడి చేరింది. కస్టమ్స్ వాళ్లు డబ్బా విప్పి చూసినట్టున్నారు, టేపు మళ్లీ అంటించి ఉంది. పొడి మాత్రం చెక్కుచెదరలేదు.

నువ్వు ఫిజిక్స్ చెప్పే సెకండియర్ పిల్లాడి ప్రశ్నకు ఫోన్లో జవాబు మొదలుపెట్టానో లేదో అమ్మ ఫోను లాక్కుంది. అందుకే రాస్తున్నా. కేంద్రకం వ్యాసార్ధం ద్రవ్యరాశి సంఖ్య (ప్రోటాన్లూ న్యూట్రాన్లూ కలిపిన లెక్క) ఘనమూలాన్ని బట్టి పెరుగుతుందని పాఠంలో ఉంది కదా, అన్నిటికీ అంతేనా అని అడిగాడు. అన్నిటికీ కాదు. ఆ లెక్కకు లొంగనివాటి మీదే ఇక్కడ నా పని.

పాఠంలోది తప్పేమీ కాదు. మామూలు కేంద్రకాల్లో ప్రోటాన్లూ న్యూట్రాన్లూ గట్టిగా పట్టుకుని ఉంటాయి, ఒక్కదాన్ని బయటికి లాగాలంటే 6 నుంచి 8 ఎంఈవీ (మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు) దాకా శక్తి పెట్టాలి. లిథియం-11 సంగతి వేరు. 3 ప్రోటాన్లకు 8 న్యూట్రాన్లు. చివరి రెండు న్యూట్రాన్లనూ కలిపి ఊడదీయడానికి 0.37 ఎంఈవీ చాలు. అర్ధజీవిత కాలం, అంటే ఉన్నవాటిలో సగం క్షీణించే సమయం, 9 మిల్లీసెకన్ల లోపే.

1985లో జపాన్ శాస్త్రవేత్త ఇసావో తనిహాతా బృందం అమెరికాలోని బర్కిలీలో లిథియం ఐసోటోపులను (న్యూట్రాన్ల సంఖ్య మాత్రమే వేరైన లిథియం కేంద్రకాలను) బెరీలియం, కార్బన్, అల్యూమినియం పలకల మీదికి పంపి, ఎన్ని ఢీకొంటున్నాయో చూసింది. ఎక్కువ ఢీకొంటే పెద్దదన్నమాట. లిథియం-9 నుంచి లిథియం-11కి వెళ్తే పాఠంలోని లెక్క ప్రకారం వ్యాసార్ధం 7 శాతం పెరగాలి, కావాలంటే పిల్లలతో లెక్క చేయించు. తీరా చూస్తే మూడో వంతు పెరిగింది!

కేంద్రకం గుండ్రంగా కాకుండా కోడిగుడ్డులా సాగిందేమోనని అనుమానం రావడం సహజం. అది తేల్చింది జెనీవా దగ్గర సెర్న్ పరిశోధన కేంద్రంలోని ఐసోల్డే ప్రయోగశాల వాళ్లు. కేంద్రకం గుండ్రం నుంచి ఎంత సాగిందో చెప్పే క్వాడ్రుపోల్ మొమెంట్‌ను లిథియం-11లో కొలిస్తే దాదాపు లిథియం-9 అంతే వచ్చింది. అంటే లోపలి ముద్ద ఆకారం పెద్దగా మారలేదు, పెరిగిందంతా బయటి రెండు న్యూట్రాన్ల వల్లే. చంద్రుడి చుట్టూ గుడి కట్టినట్టు అవి లిథియం-9 చుట్టూ పల్చగా పరుచుకుని ఉంటాయి. దీన్నే హేలో అంటారు, 1987లో హాన్సెన్, యాన్సన్ ఇచ్చిన వివరణ ఇది. బంధం ఎంత బలహీనమైతే తరంగ ప్రమేయం (కణం ఎక్కడ కనిపించే అవకాశం ఎంతో చెప్పేది) తోక అంత దూరం సాగుతుంది. మామూలుగా కేంద్రక బలాలు అందని చోట కూడా ఆ న్యూట్రాన్లు కనిపించే అవకాశం ఎక్కువ. ప్రోటాన్లకు ఇది అంత తేలిక కాదు, వాటికి విద్యుదావేశం గోడ అడ్డం.

నువ్వు క్లాసులో చెప్పడానికి పనికొచ్చేది ఇంకోటి ఉంది. లిథియం-11ను పగలగొట్టి, మిగిలిన లిథియం-9 ద్రవ్యవేగం కొలిస్తే విస్తరణ చాలా ఇరుగ్గా వస్తుంది. స్థానంలో విశాలం, ద్రవ్యవేగంలో ఇరుకు. హైసెన్‌బర్గ్ అనిశ్చితత్వ సూత్రానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలీదు. ఎలక్ట్రాన్, సూక్ష్మదర్శిని కథ చెప్పీ చెప్పీ నీకూ విసుగొచ్చి ఉంటుంది.

నాకు అన్నిటికంటే వింతగా తోచేది వేరే. రెండు న్యూట్రాన్లే ఉంటే అతుక్కోవు. లిథియం-9కి ఒక్క న్యూట్రాన్ చేర్చినా నిలవదు. మూడూ కలిస్తేనే నిలుస్తాయి. ఇటలీలో బొరోమియో కుటుంబం చిహ్నంలో మూడు ఉంగరాలు ఉంటాయి, ఏ ఒక్కటి తీసినా మిగతా రెండూ విడిపోతాయి. అందుకే వీటిని బొరోమియన్ కేంద్రకాలు అంటున్నారు. హీలియం-6 కూడా ఆ బాపతే.

ఇక ఇక్కడి మా ప్రయోగశాల ట్రయంఫ్‌లో సైక్లోట్రాన్ (కణాలను వేగవంతం చేసే యంత్రం) నుంచి ప్రోటాన్లు వచ్చి టాంటలం రేకులను కొడతాయి. అక్కడ పుట్టిన లిథియం-11 రేకుల్లోంచి బయటపడేలోపే చాలావరకు క్షీణించిపోతుంది. మిగిలినది ఐరిస్ అనే పరికరంలో ఘన హైడ్రోజన్ పొర మీద పడుతుంది. ఆ పొర తయారీ చూడాల్సిందే. వెండి రేకును మైనస్ 269 డిగ్రీల దాకా చల్లబరిచి, దాని మీదికి హైడ్రోజన్ వాయువును చిమ్ముతారు. వాయువు అక్కడికక్కడే గడ్డకట్టి, మిల్లీమీటరులో పదో వంతు మందాన నిలుస్తుంది. ఎక్కడైనా లీకుందేమోనని ఆ పూటంతా టెన్షనే. రితుపర్ణ కనుంగో బృందం 2015లో ఈ ఐరిస్‌లోనే, మామూలు హైడ్రోజన్ బదులు ఘన డ్యుటీరియం (భార హైడ్రోజన్) పొరతో, లిథియం-11లో సుమారు 1 ఎంఈవీ దగ్గర ఒక ఉత్తేజిత స్థితిని చూపించింది. హేలోకూ లోపలి ముద్దకూ మధ్య జరిగే ఊగిసలాట అది.

పిల్లాడిని పరీక్షలో మాత్రం పుస్తకంలో ఉన్నదే రాయమను. మార్కులు పోతే నన్ను తిడతాడు.

చలికాలం మరమ్మతులకని సైక్లోట్రాన్ ఆపేశారు. మళ్లీ మొదలయ్యాక మాకు బీమ్ టైమ్ (ప్రయోగానికి కణాల ధార ఇచ్చే రోజులు) వచ్చేది సరిగ్గా చిన్నత్త కూతురి పెళ్లి రోజులకే. రావడం కుదరదు. అమ్మకు నువ్వే మెల్లగా చెప్పు, నాన్న లేనప్పుడైతే మంచిది. అత్తకు నేనే ఫోన్ చేస్తాను.

నీ తమ్ముడు