సీతాకోకచిలుకల బృందం వార్షిక నివేదిక, శాన్‌డియాగో

గౌరవ సభ్యులకు నమస్కారం.

సర్వసభ్య సమావేశంలో నివేదిక చదవాలని నియమం ఉంది కాబట్టి రాస్తున్నాను. చదువుతున్నంతసేపు భోజనాల బల్ల వైపు చూడకుండా ఉంటే సంతోషం.

ఈ ఏడాది మార్చి నుంచి జూన్ దాకా నెలకు రెండు ఆదివారాలు మిషన్ ట్రెయిల్స్ పార్కులో నడిచాం. మొదటి ఏడాది మన ఊరి అలవాటుకొద్దీ ఆగస్టులో వెళ్ళి, ఎండిన పొదలు చూసి వచ్చిన సంగతి గుర్తుండే ఉంటుంది. ఇక్కడ వాన పడేది చలికాలంలో. ఆ తడికి చిగుళ్ళూ పూలూ వచ్చే వసంతమే సీతాకోకల సీజన్. రెక్కలకు ఎండ తగిలి వెచ్చబడితే గాని అవి ఎగరవు, అందుకని తొమ్మిదిన్నరకు రమ్మన్నాం. మనవాళ్ళు పదికి వచ్చారు. మన ఆలస్యం పనికొచ్చిన కార్యక్రమం ఇదొక్కటే.

ఎక్కువసేపు గడిపింది కాలిఫోర్నియా బక్‌వీట్ పొదల దగ్గరే. (కుట్టు పిండి వచ్చే మొక్క ఇది కాదు, కుటుంబం మాత్రం ఒకటే. అడిగినవాళ్ళందరికీ ఇదే జవాబు.) తెల్లటి పూగుత్తులు వేసవి ముదిరేకొద్దీ ఇటుక రంగుకు తిరుగుతాయి. ఆ పూల మీదే బెహర్స్ మెటల్‌మార్క్, గ్రే హెయిర్‌స్ట్రీక్, మెరీన్ బ్లూ, ఇంకా గోరంత నీలి సీతాకోకలు. టెన్షన్ పెట్టింది ఆ నీలివే. ఆక్మన్ బ్లూ, బెర్నార్డినో బ్లూ రెండూ ఈ పొదకే వస్తాయి, రెండింటికీ వెనక రెక్క అడుగున నారింజ పట్టీ ఉంటుంది. మనం పైనుంచి తీసిన ఫొటోలకు జాతి పేరు చెప్పే యాప్ కూడా చేతులెత్తేసింది.

మే నెలలో అనంతపురం నుంచి కూతురింటికి వచ్చిన ఒక అమ్మమ్మగారు మాతో వచ్చారు. మోకాళ్ళ నొప్పులని మడత కుర్చీ వేయించుకుని ఒక పొద ముందు కూర్చున్నారు. మేం రెండు మైళ్ళు తిరిగి వచ్చేసరికి మా అందరికంటే ఎక్కువ చూసేశారు. “ఇవి రెండు రకాలు నాయనా. ఒకదానికి ఉత్త తెల్లంచు, పట్టీ మీద చమ్కీలు. ఇంకోదానికి గళ్ళంచు, చమ్కీల్లేవు” అన్నారు. ఫొటో పెద్దది చేసి చూస్తే అచ్చం అంతే. చమ్కీలున్నది ఆక్మన్, గళ్ళంచుది బెర్నార్డినో. పాత ఫొటోలన్నీ మళ్ళీ తీసి చీరల కొట్టులో కూర్చున్నట్టు అంచులు చూసుకున్నాం. మొదటి ధన్యవాదం ఆవిడకే.

హెర్మిస్ కాపర్ అనే సీతాకోక ఈసారీ కనబడలేదు. ఈ కౌంటీలోనూ, సరిహద్దు అవతల మెక్సికోలోని బాహా కాలిఫోర్నియాలో కొంతమేరా తప్ప ఎక్కడా లేని జాతి అది. 2021లో ఫెడరల్ ప్రభుత్వం ముప్పున్న జాతిగా ప్రకటించింది. గొంగళి పురుగు తినేది స్పైనీ రెడ్‌బెర్రీ ఆకులు, రెక్కలొచ్చాక తేనె తాగేది ఎక్కువగా బక్‌వీట్ దగ్గర. రెండు పొదలూ పక్కపక్కన ఉన్నచోటే వెతకాలి. గ్రూపులో ఒకరు హెర్మిస్ అని పెట్టిన ఫొటో మెటల్‌మార్క్‌ది. అభినందనలు చెప్పిన వాళ్ళెవరూ ఫొటో తెరవలేదన్నమాట.

ఎర్రపూల మిల్క్‌వీడ్ మొక్క చలికాలంలోనూ పచ్చగా ఉండి మోనార్క్ సీతాకోకలకు పరాన్నజీవిని అంటిస్తుందని చెప్పగానే, అది పీకేసి ఇక్కడి సన్నాకు రకం పెట్టుకున్న కుటుంబాలకు, ప్రతిసారీ ఇడ్లీలు తెచ్చిన దంపతులకు, గొడుగులిచ్చిన వారికి ధన్యవాదాలు.

లెక్కలు కోశాధికారి విడిగా చదువుతారు. భూతద్దాలు కొన్నాం, కొంచెం మిగిలింది.

నడకలకు పేర్లిచ్చినవారు 31 మంది. జూన్ చివరి ఆదివారం వచ్చింది నలుగురు, అందులో ఇద్దరు నా పిల్లలు. హాలు వెనక స్థలంలో బక్‌వీట్ నాటుకుంటామని అక్టోబరులో పెట్టిన అర్జీకి “పరిశీలనలో ఉంది” అని మూడుసార్లు మెయిల్ వచ్చింది, ఫారం మార్చమని ఒకసారి. ఈలోగా నాటుకోవాల్సిన వానలు వెళ్ళిపోయాయి. కుండీల్లో మొక్కలు మా గరాజ్ పక్కనే ఉన్నాయి, నీళ్ళు పోయడానికి ఎవరైనా వస్తే కాదనను.

వచ్చే ఏడాది మొదటి నడక మార్చి రెండో ఆదివారం. కుర్చీలు మీవి మీరే తెచ్చుకోండి.

ఇట్లు,
కార్యదర్శి