ఓడిన జట్టు లెక్క కూడా అచ్చువేయండి

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ క్రీడా పేజీలో 2013 ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్) ఫైనల్స్ ఆరో మ్యాచ్‌ను గుర్తుచేస్తూ వ్యాసం వేశారు. తెలుగు పత్రికలో బాస్కెట్‌బాల్‌కు అరపేజీ దక్కడమే అరుదు కాబట్టి ముందుగా కృతజ్ఞతలు. కానీ ‘చేజేతులా ఓడిన స్పర్స్’ అన్న ఆ శీర్షిక మాత్రం నాకు మింగుడు పడలేదు. వ్యాసమంతా మయామీ ఆటగాడు రే అలెన్ వేసిన ఒక్క షాట్ చుట్టూ తిరిగింది. ఓడిన శాన్ ఆంటోనియో స్పర్స్ గురించి ఉన్నవి రెండే వాక్యాలు. కవాయ్ లెనార్డ్ ఫ్రీ త్రో (ఎదుటివాళ్లు ఫౌల్ చేస్తే అడ్డు లేకుండా వేసే ఒక పాయింటు షాట్) పోగొట్టాడు, కోచ్ పొపోవిచ్ పొడగరి డంకన్‌ను బెంచీ మీద కూర్చోబెట్టాడు. అంతే.

నేను ముప్పై ఏళ్లు వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశాను. ఆ మ్యాచ్ మనకు జూన్ 19 ఉదయం ఆరున్నర ప్రాంతంలో మొదలైంది. అది చూసి ఆ రోజు బడికి ఆలస్యంగా వెళ్లాను. పదవీ విరమణ చేశాను కాబట్టి ఇప్పుడు ధైర్యంగా ఒప్పుకుంటున్నాను.

నాలుగు మ్యాచ్‌లు గెలిచినవాళ్లదే కప్పు, అప్పటికి స్పర్స్ 3-2తో ముందుంది. ఇంకొక్కటి గెలిస్తే కప్పు వాళ్లదే. కానీ ఆడాల్సింది మయామీలో, ఇరవై వేల గొంతుల మధ్య. ముప్పై ఏడేళ్ల టిమ్ డంకన్ మొదటి సగంలోనే 25 పాయింట్లు చేశాడు. బుట్ట కిందికి వెళ్లి, వీపుతో మనిషిని నెట్టి, తిరిగి, మెల్లగా బంతిని వదిలేవాడు. ఎగిరి గంతులేసే ఆట కాదది. నేర్పేవాళ్లు పిల్లలకు చూపించదగిన ఆట. మొత్తం 30 పాయింట్లు, 17 రీబౌండ్లు (తప్పిన షాట్ తర్వాత బంతిని అందుకోవడం). ఆటలోని నాలుగు భాగాల్లో మూడోది అయ్యాక మాత్రం ఒక్క పాయింటూ రాలేదు. ఈ రెండు సంగతులూ మీ వ్యాసంలో లేవు.

తప్పులు దాచమని నేను అడగడం లేదు. స్పర్స్ ఆటగాడు మాను జినోబిలి ఎనిమిది సార్లు బంతి పోగొట్టుకున్నాడు, రాయండి. అదే ఫైనల్స్‌లో మూడు పాయింట్ల షాట్లలో (దూరపు గీత బయటి నుంచి వేసేవి) రికార్డు సృష్టించిన అదే జట్టు డానీ గ్రీన్ ఆ రోజు ఏడు షాట్లు వేస్తే పడింది ఒక్కటే, అదీ రాయండి. వాళ్ల టోనీ పార్కర్ 23 షాట్లలో ఆరే వేయగలిగాడు. ఈ లెక్క చూస్తే ఎవరైనా పార్కర్‌నే నిందిస్తారు. కానీ ఆట ముగియడానికి నిమిషంన్నర కూడా లేని సమయంలో మయామీ ఆటగాడు లెబ్రాన్ జేమ్స్ మీద నుంచి మూడు పాయింట్ల షాట్ వేసి స్కోరు 89-89 చేసింది అతనే. వెంటనే గిర్రున తిరిగి మరో రెండు చేసి జట్టును ముందుకు తెచ్చిందీ అతనే. ఆ ఆరు షాట్లలో ఇవి రెండు.

ఇక చివరి 28 సెకన్లు. స్పర్స్ 94, మయామీ 89. కప్పు అందజేసే వేడుక కోసం సిబ్బంది పసుపు తాడు పట్టుకుని కోర్టు అంచుల్లో నిలబడ్డారు. మయామీ అభిమానులు కొందరు లేచి వెళ్లిపోతున్నారు. లెబ్రాన్ మూడు పాయింట్లు చేశాడు. లెనార్డ్‌కు దొరికిన రెండు ఫ్రీ త్రోలలో ఒకటే పడింది, 95-92. మూడు పాయింట్ల గీత వెంట కాపు కాయడానికి చురుగ్గా తిరిగేవాళ్లు కావాలని పొపోవిచ్ డంకన్‌ను బయట ఉంచాడు. నేనైతే ఆ పని చేయను. అయినా ఎత్తు సగం పారింది, లెబ్రాన్ షాట్ తప్పింది. ఎగిరిన బంతిని అందుకోవడానికి స్పర్స్‌కు పొడవాటి మనిషి లేకపోవడంతో అది మయామీ ఆటగాడు క్రిస్ బాష్ చేతికి చిక్కింది. బాష్ అందించిన బంతిని అలెన్ వెనక్కి అడుగులు వేస్తూ మూలకు వెళ్లి వేశాడు, మూడు పాయింట్లు, స్కోరు 95-95. మిగిలింది 5.2 సెకన్లు. అదనపు ఐదు నిమిషాల తర్వాత మయామీ 103-100తో గెలిచింది.

ఫ్రీ త్రో పోగొట్టాడని మీరు రాసిన లెనార్డ్‌కు అప్పుడు ఇరవై ఒక్కేళ్లు. ఆ రోజు 22 పాయింట్లు, 11 రీబౌండ్లు చేశాడు. పైగా లెబ్రాన్‌ను కాచే పని ఎక్కువగా అతని మీదే పడింది.

ఇంత ఎందుకు చెబుతున్నానంటే, మా ఊళ్లోనూ ఇదే జరిగింది. కొన్నేళ్ల క్రితం పక్క ఊళ్లో జోనల్ పోటీల్లో మా పిల్లలు ఒక్క పాయింటు తేడాతో ఓడారు. చివర్లో తొమ్మిదో తరగతి కుర్రాడొకడు రెండు ఫ్రీ త్రోలూ పోగొట్టాడు. తిరుగు బస్సులో వెనక సీట్లో, బూట్లు ఒళ్లో పెట్టుకుని, దారంతా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. మర్నాడు ఒక పత్రిక జిల్లా పేజీలో ‘ఫ్రీ త్రోలు వదిలేసి ఓడారు’ అని అతని పేరుతో సహా వచ్చింది. మా జట్టు చేసిన 41లో 19 అతనివేనన్న మాట ఎక్కడా లేదు. వారం రోజులు మైదానానికి రాలేదు.

చివరికి ఇంటికి వెళ్లి స్కోరు షీటు చూపించాను. ఓడిన జట్టుకు ఇచ్చేది పసుపు రంగు ప్రతి. పాయింట్ల వరుసలో, బుట్టలో పడ్డ ప్రతి షాట్‌కూ అంకె మీద ఏటవాలు గీత, ఫ్రీ త్రోకైతే నల్లటి చుక్క. పడని ఫ్రీ త్రోకు ఆ వరుసలో గుర్తే ఉండదు. వాడు వేలు పెట్టి తన గీతలు లెక్కపెట్టుకున్నాడు, రెండుసార్లు.

కాబట్టి నా విన్నపం ఒక్కటే. ఎన్‌బీఏ సంగతి మీ ఇష్టం. మండల, జిల్లా పోటీల వార్తల్లో మాత్రం గెలిచిన బడి పేరు, ముఖ్య అతిథి పేరు వేసి ఊరుకోకండి (అతిథుల పేర్లు ఒక్కోసారి ఆరు వరుసలు తింటాయి). రెండు జట్లలోనూ ఎవరెన్ని పాయింట్లు చేశారో వేయండి. మూడు వరుసలు చాలు. షీటును ఫోనులో ఫొటో తీసి రాత్రి ఎనిమిదిలోపు పంపడానికి వ్యాయామ ఉపాధ్యాయులు సిద్ధంగానే ఉంటారు, నాకు తెలిసిన పదిమందిని ఇప్పటికే అడిగాను. ఆ పసుపు కాగితం ఇంకా నా దగ్గరే ఉంది. నమూనాగా కావాలంటే పంపిస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
తణుకు