ఆ నాణేలకి చింతపండు తగలనివ్వకు

ఒరేయ్ శీనూ,

నువ్వు పంపిన ఫొటోలు రాత్రి పెద్దవి చేసి మరీ చూశాను. ఒకవైపు తొండమెత్తిన ఏనుగు, వెనక ప్లస్ గుర్తు నాలుగు కొసల్లో నాలుగు సున్నాలు. అది ఉజ్జయిని గుర్తురా! శాతవాహనుల పోటిన్ నాణెం. అంటే రాగి, తగరం, సీసం కలిపి చేసింది. మీ తాతయ్య ఎంత మంచి వస్తువు దాచారో!

దానిమీద ఆకుపచ్చగా, బంకగా ఉన్నదంతా ఆల్బమ్ చేసిన పనే. ఆ పాత జేబులు పీవీసీవి. ప్లాస్టిక్ మెత్తగా ఉండటానికి కలిపిన నూనెలాంటిది ఏళ్లు గడిచేకొద్దీ ఊరి నాణేనికి అంటుకుంటుంది. పీవీసీ చివికితే ఆమ్లం కూడా వచ్చి రాగిని తినేస్తుంది. కాబట్టి ముందు అన్నిటినీ ఆల్బమ్‌లోంచి తీసెయ్.

దీనికి మందు అసిటోన్. లేబొరేటరీ సామాను అమ్మే షాపులో స్వచ్ఛమైనది అడుగు. నెయిల్ పాలిష్ రిమూవర్ వద్దు, అందులో నూనెలు, సెంటు కలుపుతారు. మూతున్న గాజు సీసాలో నాణెం మునిగేలా పోసి కొన్ని గంటలు వదిలెయ్. కిటికీలు తీసి ఉంచు, దగ్గర్లో పొయ్యి, అగరుబత్తి ఏదీ వెలగకూడదు. అసిటోన్ మసకబారితే పారబోసి కొత్తది పొయ్యి. బంక ఇంకా ఉంటే అసిటోన్‌తో తడిపిన దూదిని దానిమీద దొర్లించు, రుద్దకు. బయటికి తీయగానే చూస్తూండగా ఆరిపోతుంది.

అసిటోన్ బంకని, వార్నిష్‌ని, టేపు జిగురుని కరిగిస్తుంది కానీ లోహం జోలికి పోదు. కింద ఆ ముదురు గోధుమరంగు పొర అలాగే ఉంటుంది, ఉండాలి కూడా. అరిగిన నాణెంలో బ్రాహ్మీ అక్షరాల అంచులు చాలాసార్లు మిగిలేది ఆ పొరలోనే. పిన్నికి కూడా చెప్పు, రాగిచెంబు తోమినట్టు చింతపండుతో తోమితే మెరుపొస్తుంది, రాజుగారి పేరు పోతుంది. నాకు నిజంగా టెన్షన్ అదేరా.

బూడిదరంగులో బరువుగా ఉన్నది సీసపు నాణెంలా ఉంది. దానికీ అసిటోన్ పనికొస్తుంది, కానీ నీళ్లలో నానబెట్టకు, డిస్టిల్డ్ వాటరైనా సరే. చెక్కబీరువాలో అసలే పెట్టకు. చెక్కనుంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి సీసం తెల్లపొడిగా రాలిపోతుంది. ముట్టుకున్నాక చేతులు కడుక్కో.

శుభ్రం చేశాక రాగి నాణేలమీద లేత ఆకుపచ్చ పొడి మళ్లీ మళ్లీ వస్తుంటే అది మురికి కాదు. లోపల చేరిన క్లోరైడు తినేస్తోందన్నమాట, దానికి అసిటోన్ పనిచెయ్యదు. సిలికా జెల్ వేసి పొడిగా ఉంచి, మ్యూజియాల్లో లోహపు వస్తువులు బాగుచేసేవాళ్లకి చూపిద్దాం.

కొత్త కవర్లు కొనేటప్పుడు పీవీసీ కాదని ఖాయం చేసుకో, మైలార్ అనే పాలిస్టర్ ప్లాస్టిక్‌వి మంచివి. బంక పోయాక ఒక్కోదాని తూకం, అడ్డకొలత రాసి, రెండువైపులా ఫొటోలు పంపు. వెలుతురు పక్కనుంచి పడేలా తియ్యి, అక్షరాలు తేలతాయి. ఏ శాతకర్ణిదో ఇద్దరం కూర్చుని చదువుదాం.

నీ
రాజు