సోలార్ లీజు గురించి అడిగినవాళ్లకి

అందరికీ నమస్కారం. పొలం సోలార్‌కి లీజుకిస్తే మంచిదేనా అని నిన్న అడిగారు కదా. మన అనంతపురం పక్కనే ఉన్న పావగడ సంగతి చెప్తాను. కర్ణాటకే అయినా అక్కడ ఊళ్లలో తెలుగే ఎక్కువ వినిపిస్తుంది.

తిరుమణి, వళ్ళూరు చుట్టుపక్కల ఐదు ఊళ్లలో దాదాపు 13 వేల ఎకరాల్లో సోలార్ పార్కు ఉంది, సామర్థ్యం 2,050 మెగావాట్లు. భూమి కొనలేదు, లీజుకే తీసుకున్నారు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలతో మొదలుపెట్టి, రెండేళ్లకోసారి 5 శాతం పెంచేలా ఒప్పందం. అంటే మూడో ఏడు 22,050. వాన కోసం ఆకాశం చూస్తూ శనక్కాయ విత్తిన రైతుకి, వాన పడ్డా పడకపోయినా చేతికొచ్చే డబ్బు అది. పట్టా ఇప్పటికీ వాళ్ల పేరు మీదే.

పొగ లేదు, బూడిద లేదు. థర్మల్ ప్లాంటులా నీళ్లు తాగదు, సోలార్ పలకల మీద దుమ్ము కడగడానికి మాత్రం కావాలి. కరువు తాలూకాకి ఇది చిన్న విషయం కాదు.

కానీ ఒకటి. లీజు డబ్బు భూమి ఉన్నవాళ్లకే. కూలికెళ్లేవాళ్లకి కలుపు పని పోయింది, గొర్రెలవాళ్లకి కంచె అడ్డమొచ్చింది. పలకల కింద గడ్డి పచ్చగా ఉంటే, మంద బయట నిలబడి చూడాలన్నమాట!

మన ఊళ్లో మాటలు మొదలైతే మేత దారి, స్థానికులకు పని, ఈ రెండూ కాగితం మీద రాయించుకోండి. ఆదివారం సాయంత్రం రచ్చబండ దగ్గర కూర్చుందాం. పాస్‌బుక్ జిరాక్సులు ఇప్పుడే ఎవరికీ ఇవ్వొద్దు.